లంగరు కాపలా



ఈ శీర్షికకు వచ్చే ఉత్తరములలో ఎక్కువ భాగము పిల్లల చదువుల గూర్చి, పెండ్లిండ్ల గూర్చి ఉంటాయి. కిందటి డిసెంబరులో కృష్ణా జిల్లా సముద్రతీరములోని ఒక పల్లె నుండి వేరొక రకమైన ఉత్తరము వచ్చింది. వ్రాసినది అక్కడి పాస్టరమ్మగారు. మాట మాత్రము ఆ సంఘములోని ఒక సహోదరిది. ఆమె భర్త వేటకు వెళ్ళి వస్తూ ఏటి మొగ దగ్గర పడవ తిరగబడి చనిపోయాడు. అప్పటికి కొడుకు రెండవ తరగతి. ఇప్పుడు తొమ్మిది చదువుతున్నాడు. బడిలో ఎన్.సి.సి. నావికా విభాగములో చేరాడట. నదిలో తెరచాప పడవ నడపడము నేర్పే శిబిరమునకు పేరు ఇచ్చి వచ్చాడు. తల్లి సంతకము పెట్టవలసిన కాగితము ఆమె బైబిలులో మడతపెట్టి ఉంది, పది రోజులుగా. "మీరు పెట్టమంటే పెడతాను, వద్దంటే చించేస్తాను అంటోంది. ఏమి చెప్పమంటారు?" అని పాస్టరమ్మగారు అడిగారు.

మేము వెంటనే జవాబు వ్రాయలేదు. ఎదుటివారి బిడ్డ విషయములో ధైర్యము చెప్పడము చాలా సులువు. ఆ తీరములో 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఇంటికొకరిని పోగొట్టుకున్న కుటుంబములు ఎన్నో మనకు తెలుసు. అక్కడి తల్లికి సముద్రము అంటే ఏమిటో మాబోటి మెట్టప్రాంతపు వాళ్ళము నేర్పగలమా? ఉత్తరము బల్ల మీద పెట్టి ప్రార్థించుకుంటూ ఉన్నాము.

ఆ వారములోనే న్యూజిలాండు దేశములోని ఆక్లండు నుండి మా తమ్ముని కుటుంబము క్రిస్మస్సుకు వచ్చారు. వారి అమ్మాయికి పదిహేడేళ్ళు. అంతకు ముందటి సంవత్సరము ఆ పాప బడిపిల్లలతో కలిసి తెరచాపల ఓడ మీద పది రోజులు సముద్రములో ఉండి వచ్చిందని మాకు ఫోనులో తెలిసిందే గాని, మేము పెద్దగా పట్టించుకోలేదు. ఏదో విహారయాత్ర అనుకున్నాము. భోజనముల దగ్గర ఈ ఉత్తరము సంగతి వచ్చినప్పుడు ఆ పాప, "పెద్దనాన్నా, ఒక్క రోజు ఎలా ఉంటుందో నేను చెప్పనా?" అంది. ఆ రాత్రి పదకొండు దాటేదాకా చెబుతూనే ఉంది.

ఆ ఓడ పేరు స్పిరిట్ ఆఫ్ న్యూజిలాండ్. 1972లో లూ ఫిషర్ అనే ఆక్లండు వ్యాపారి తన దేశపు యువతీయువకుల కొరకు ఒక ట్రస్టును నెలకొల్పాడు. ఆ ట్రస్టు మొదటి ఓడ 1973లో నీటిలోకి దిగింది. ఇప్పుడు నడుస్తున్నది 1986లో కట్టిన రెండవ ఓడ. మూడు స్తంభముల ఓడ, 45 మీటర్ల పొడవు. ఇంజను ఉంది, కాని గాలి ఉన్నంతసేపు తెరచాపలదే పని. పది రోజుల యాత్రకు నలభై మంది హైస్కూలు పిల్లలను తీసుకుంటారు. సగము మంది ఆడపిల్లలు, సగము మంది మగపిల్లలు, పడకలు వేరువేరు. వేరువేరు బడుల నుండి వచ్చినవారు గనుక ఒకరికొకరు తెలియదు. పదేసి మందిని ఒక జట్టు చేస్తారు. ఎక్కగానే సెల్ ఫోన్లు తీసి ఇచ్చేయాలి. ఖర్చు తక్కువేమీ కాదు గాని, కట్టలేని పిల్లలకు సహాయనిధులు ఉన్నాయట.

తెల్లవారుజామునే లేపుతారు. లేవగానే పళ్ళు తోముకోవడము కాదు, ఈత బట్టలతో పైకి వచ్చి సముద్రములోకి దూకాలి. ఎండాకాలమైనా చలికాలమైనా ఇది తప్పదు. ఆ పాప వెళ్ళినది అక్కడి చలికాలములో. అక్కడ జూన్, జూలై నెలలే చలికాలము. నీరు పద్నాలుగు డిగ్రీలు. "మొదటి రోజు ఊపిరి ఆగిపోయింది పెద్దమ్మా, అమ్మా అని తెలుగులోనే అరిచాను" అని నవ్వింది. తరువాత వేడి జావ, రొట్టె. ఆ తరువాత ఓడ కడగడము. మరుగుదొడ్లతో సహా. ఏ పని ఎవరిదో వంతు ఉంటుంది. డాక్టరుగారి అబ్బాయి అని చీపురు తప్పదు, ఆడపిల్ల అని మోకు లాగడము తప్పదు. ఇక్కడ మా తమ్ముడు అందుకుని, "మన ఇళ్ళలో అబ్బాయిలు ఒక్క కంచమైనా కడుగుతున్నారా అన్నయ్యా?" అన్నాడు. మా ఇంట్లో అబ్బాయి వెంటనే లేచి బయటకు వెళ్ళిపోయాడు.

తెరచాప ఎత్తడము ఒక్కరి వల్ల కాదు. పది మంది మోకు పట్టుకుని ఒకే పిలుపుకు లాగాలి. ఒకరు ఆలస్యమైతే మిగతా తొమ్మిది మంది చేతులు కాలుతాయి. ముందు స్తంభమునకు అడ్డ దూలములు ఉంటాయి, చదరపు తెరచాపలు వాటికే కట్టి ఉంటాయి. విప్పాలన్నా చుట్టాలన్నా పిల్లలే తాళ్ళ నిచ్చెన ఎక్కి దూలము మీదికి వెళ్ళాలి. నడుముకు పట్టీ ఉంటుంది. ఆ పట్టీ కొక్కెమును ఓడకు తగిలించనిదే ఎవరినీ దూలము మీదికి పోనివ్వరు. ఎవరినీ బలవంతముగా ఎక్కించరు కూడా. మా పాప మొదటి రెండు రోజులు ఎక్కలేదు. కడుపులో తిప్పి, అంచు దగ్గర కూర్చుని వాంతులు చేసుకుంటూ గడిపిందట. మూడవ రోజు సగము వరకు ఎక్కి దిగిపోయింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ పొగడలేదు. "సగము దాకా వెళ్ళావు కదా, ఆ దారి ఇప్పుడు నీకు తెలుసు" అన్నాడట ఓడ సరంగు. చివరికి పైదాకా ఎక్కిందా అని మేము అడిగితే, "క్రింది దూలము వరకే, పైది నా వల్ల కాలేదు" అని దాపరికము లేకుండా చెప్పింది. ఆ జవాబు మాకు ఎంతో నచ్చింది.

మధ్యాహ్నము పటము ముందు వేసుకుని, దిక్సూచి చూచి, ఓడ ఎక్కడున్నదో గుర్తుపెట్టడము నేర్పుతారు. చుక్కాని చక్రము వంతులవారీగా పట్టిస్తారు. బంగాళాదుంపల చెక్కు తీయడము కూడా చదువులో భాగమే. నలభై మందికి, పైన ఓడ సిబ్బందికి. ఇవన్నీ ఆ పాప గబగబా చెప్పేసింది. రాత్రి సంగతికి వచ్చేసరికి గొంతు తగ్గించింది.

సాయంత్రము ఓడను ఏదైనా ద్వీపము చాటున ఆపి లంగరు వేస్తారు. ఆ రోజు హౌరాకి అఖాతములో ఒక ద్వీపము ప్రక్కన ఆగారు. ఓడ లంగరు మీద ఉన్నప్పుడు కూడా కాపలా ఉండాలి. లంగరు బురదలో పట్టు వదిలితే ఓడ మెల్లగా జరిగిపోయి రాళ్ళకు తగులుతుంది, లోపల నిద్రపోయేవారికి తెలియదు. ఈ కాపలా పిల్లలే కాస్తారు, ఇద్దరిద్దరు, వంతులవారీగా. మా పాప వంతు రాత్రి రెండు గంటలకు వచ్చింది. తోడు ఇంకొక అమ్మాయి, మావోరీ పిల్ల. పని ఏమిటంటే, ఒడ్డున ఉన్న రెండు దీపములు దిక్సూచిలో ఏ దిక్కున కనిపిస్తున్నాయో చూడాలి. క్రింద నీరు ఎంత లోతు ఉందో చూడాలి. గొలుసు దగ్గరకు వెళ్ళి చెయ్యి వేసి, అదురుతున్నదేమో చూడాలి. పుస్తకములో వ్రాయాలి. మళ్ళీ చూడాలి.

"పెద్దనాన్నా, యాభై మందికి పైగా పడుకున్నారు. కెప్టెన్ కూడా పడుకున్నాడు. మేమిద్దరమే మేలుకుని ఉన్నాము. ఇంట్లో నన్ను గ్యాసు పొయ్యి కట్టేసి పడుకో అని కూడా ఎవరూ చెప్పరు, అమ్మే చూసుకుంటుంది."

రెండున్నరకు చూచినప్పుడు దీపములు ఉన్నచోట లేవు. ఒకటి బాగా కుడికి జరిగినట్లు ఉంది. ఇద్దరూ మళ్ళీ చూచారు, అంతే. లేపాలా వద్దా? లేపితే, తీరా ఏమీ లేకపోతే, నవ్వుతారేమో. కాపలా నియమము మాత్రము స్పష్టముగా చెప్పి ఉంచారు: సందేహము కలిగితే లేపవలసినదే, సందేహము తీరేదాకా ఆగకూడదు. ఆ పాప వెళ్ళి అధికారి గది తలుపు కొట్టింది. ఆయన చొక్కా వేసుకుంటూనే వచ్చి, లోతు చూచి, గొలుసు మీద చెయ్యి పెట్టి, చాలాసేపు నిలబడ్డాడు. తరువాత చూపించాడు. గాలి దిక్కు మారింది. రాటకు కట్టిన ఎద్దు తిరిగినట్లు ఓడ లంగరు చుట్టూ తిరిగింది. అందుకే దీపములు జరిగినట్లు కనిపించాయి. లంగరు కదలలేదు. ఆయన కొత్త లెక్క వ్రాయించి, "మళ్ళీ సందేహము వస్తే మళ్ళీ లేపు" అని చెప్పి వెళ్ళి పడుకున్నాడు.

"తిట్టలేదా?" అంది వాళ్ళ అమ్మ. ఆ సంగతి ఆమె కూడా అప్పుడే వింటున్నది. ఆ పది రోజులు ఫోను లేక, తానూ ఆక్లండులో రాత్రులు సరిగా నిద్రపోలేదని మా మరదలు తరువాత మాతో చెప్పింది.

యాత్ర చివరి రోజులలో ఒక రోజు ఓడను పూర్తిగా పిల్లలకే అప్పగిస్తారు. పిల్లలే ఓట్లు వేసి తమలో ఒకరిని కెప్టెనుగా ఎన్నుకుంటారు. దారి చూచేవారు, వంట చేసేవారు, అందరూ వారే. అసలు కెప్టెను ఎక్కడికీ పోడు, ఓడ మీదనే ఉంటాడు, అపాయము వస్తే తప్ప నోరు మెదపడు. మా పాపను వంటకు ఎన్నుకున్నారట. బంగాళాదుంపలకు ఆవాలు, ఎండుమిరపకాయలు దొరికితే పోపు పెడదామని వెతికితే ఆవాలు దొరకలేదట. "మిరియాలతోనే చేశాను, అయినా గిన్నె ఖాళీ" అంది.

ఇంజన్లు వచ్చిన ఇన్నాళ్ళకు పిల్లలకు తెరచాప ఎందుకు అని కొందరు అడుగవచ్చు. ఒకప్పుడు తెరచాపలే మన సువార్త చరిత్రకు కూడా రెక్కలు. 1841 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నుండి ఓడ ఎక్కిన హయ్యరు అయ్యగారు గుంటూరు చేరేసరికి 1842 జూలై నెలాఖరు అయింది. అయితే ఈ ఓడలు నావికులను తయారు చేయడానికి కావు. ఈ ఆలోచనకు ఊపిరి పోసినవారిలో కర్ట్ హాన్ అనే ఉపాధ్యాయుడు ముఖ్యుడు. జర్మనీ దేశపు యూదుడు. హిట్లరును ఎదిరించి మాట్లాడినందుకు 1933లో చెరసాలలో పడి, విడుదలై బ్రిటనుకు వెళ్ళి, 1934లో స్కాట్లండులో గోర్డన్‌స్టన్ అనే బడి పెట్టాడు. 1945లో ఆంగ్లికను సంఘములో చేరాడు. యుద్ధకాలములో జర్మను జలాంతర్గాములు బ్రిటను సరుకు ఓడలను ముంచుతున్నప్పుడు, లారెన్స్ హోల్ట్ అనే ఓడల యజమాని ఒక సంగతి గమనించి బాధపడ్డాడు. ప్రాణరక్షణ పడవలలో తెరచాప కాలపు ముసలి నావికులు తట్టుకుంటున్నారు, బలమైన కుర్రవాళ్ళు ముందుగా ఆశ వదులుకుంటున్నారు అని ఆయన అభిప్రాయము. ఆయన సహాయముతో హాన్ 1941లో వేల్సు తీరములోని అబర్డవీలో కుర్రవాళ్ళకు నెలరోజుల శిక్షణ మొదలుపెట్టాడు. కావలసినది కండబలము కాదని వారిద్దరికీ అర్థమైంది.

ఇదంతా విని మాకు ఒక కోపము కూడా వచ్చింది, దాచడమెందుకు. వాళ్ళు డబ్బు కట్టి నేర్పేది మన పల్లెకారుల పిల్లలు పదేళ్ళకే తండ్రి ప్రక్కన కూర్చుని నేర్చుకునేవారు. గాలి వాసన బట్టి తుఫాను చెప్పగల తాతలు మన సంఘములలోనే ఉన్నారు. బడిలో ఆ విద్యకు ఒక్క మార్కు లేదు. అయితే ఆ పిల్లలకు లైఫ్ జాకెట్ ఎవరూ ఇవ్వలేదు, వేటకు పోయిన రోజు బడి పోయేది. కాబట్టి పాతకాలమే మేలు అని మేము అనము.

అపాయము లేదని కూడా అనము. 1961 మే 2న ఆల్బట్రాస్ అనే అమెరికా శిక్షణ ఓడ గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో అకస్మాత్తుగా వచ్చిన గాలివానకు మునిగింది. ఆరుగురు చనిపోయారు, వారిలో నలుగురు విద్యార్థులు. అటు తరువాతనే అమెరికాలో ఇటువంటి ఓడలకు నియమములు బిగిశాయి. 2010 ఫిబ్రవరి 17న కాంకార్డియా అనే కెనడా విద్యార్థుల ఓడ బ్రెజిల్ తీరమునకు చాలా దూరములో ఒరిగి మునిగిపోయింది. ఓడలో 64 మంది. ఒకటిన్నర రోజుకు పైగా గాలి తెప్పలలో తేలుతూ ఉన్నారు, ఒక్కరు కూడా చనిపోలేదు. అపాయము వస్తే ఓడ ఎలా విడిచిపెట్టాలో ఆ పిల్లలు ముందే అభ్యాసము చేసి ఉన్నారు. రెండు ఓడల పైనా గాలి ఒక్కటే.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక మేము అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము తీసి చదివాము. పౌలు ఎక్కిన ఓడలోని నావికులు చీకటిలో లోతు కొలిచి, రాళ్ళు తగులుతాయని భయపడి, నాలుగు లంగరులు వేసి తెల్లవారడము కోసము ఎదురుచూచారు. అటు నుండి మార్కు సువార్త నాలుగవ అధ్యాయమునకు వెళ్ళాము. తుఫానులో ప్రభువు పడవ వెనుక భాగమున నిద్రపోయిన సంగతి ఎన్ని ప్రసంగములలో విన్నామో లెక్కలేదు. శిష్యుల అల్పవిశ్వాసము గూర్చే ఎప్పుడూ విన్నాము, మేమూ అదే బోధించాము. ఆయన నిద్రపోయిన ఆ సమయములో చుక్కాని ఎవరి చేతిలో ఉందో మాకు ఎన్నడూ తట్టలేదు. ఆయన ఆ పడవను వాళ్ళ చేతికి వదిలి పడుకున్నాడు. వాళ్ళు భయపడి లేపారు. ఆయన లేచాడు.

మరునాడు ఆ తల్లికి జవాబు వ్రాశాము. సంతకము పెట్టమని వ్రాయలేదు, వద్దని వ్రాయలేదు. మా మాట మీద చేస్తే, రేపు ఏ చెడు జరిగినా ఆ భారము మాది కాదు, ఆమెదే. అమ్మా, ముందు వెళ్ళి చూడు అని వ్రాశాము. పిల్లవాడి కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ ఉందా, నీటిలో ఉన్నంతసేపూ అది ఒంటి మీదే ఉంటుందా? ప్రక్కన ఇంజను పడవ కాపలా ఉంటుందా? ఈత పరీక్ష పెట్టారా? వాతావరణ శాఖ హెచ్చరిక వస్తే ఆపేది ఎవరు, ఆయన పేరేమిటి? ఈ ప్రశ్నలు అడగడానికి నీకు హక్కు ఉంది, సిగ్గుపడవద్దు అని వ్రాశాము. పిల్లవాడికి వేరుగా నాలుగు మాటలు వ్రాసి, రాత్రి కాపలా కాసిన మా పాప సంగతి చెప్పాము. సందేహము వస్తే అరవడము పిరికితనము కాదని కూడా వ్రాశాము.

మూడు వారములకు పాస్టరమ్మగారి నుండి ఉత్తరము వచ్చింది. ఆ సహోదరి తన అన్నయ్యను వెంటబెట్టుకుని బస్సులో వెళ్ళి ఆ పడవను చూచి వచ్చిందట. వేలర్ అంటారు దానిని, తెడ్లు వేయవచ్చు, తెరచాపా కట్టవచ్చు. జాకెట్ల పట్టీలు ఒక్కొక్కటీ లాగి చూచిందట. తెరచాప ఎత్తే మోకును రెండు చేతుల మధ్య నలిపి, ఒకచోట ఆగి, "ఈ ముక్క పుచ్చింది, గాలి పట్టిందంటే తెగుద్ది, మార్చండి" అని అక్కడి మాస్టారుతో అందట. ఆయన చూచి ఒప్పుకుని, ఆమె ఎదుటనే కొత్త మోకు తెప్పించి కట్టించాడు. ఆమె ముడి వేసిన విధము చూచి పిల్లలను పిలిచి చూపించాడట. తరువాత ఆమె పడవ అంచు మీద కాగితము పెట్టి సంతకము చేసింది.

ఆ కబురు చివర ఆమె మాట పాస్టరమ్మగారు ఉన్నది ఉన్నట్లు వ్రాశారు: "సంతకము అయితే పెట్టానుగాని ఆ రాత్రులు నాకు నిద్ర పట్టదు. మీరు కూడా మేలుకుని ఉండండి."

శిబిరము ఈ నెల రెండవ వారములో ఐదు రోజులు. మా ఇంట్లో ఎవరు ఏ రాత్రి మేలుకోవాలో వంతులు వేసుకున్నాము. చీపురు మాట వినగానే లేచిపోయిన మా అబ్బాయి రెండు గంటల వంతు తనకే కావాలన్నాడు.